నడికడలిలో అంగడివీధి

అమెరికాలో ఉద్యోగములు చేయుచున్న మన పిల్లలు, ఆరునెలల వీసాతో తమ యొద్దకు వచ్చిన తల్లిదండ్రులకు చూపవలసిన వింతల పట్టికలో పూర్వము నయాగరా జలపాతమును, వాషింగ్టన్ నగరమును, పిట్స్‌బర్గు వేంకటేశ్వరాలయమును మాత్రమే చేర్చుకొనెడివారు. ఇటీవల ఆ పట్టికలోనికి క్రూయిజ్ కూడ వచ్చి చేరినది. ఫ్లారిడా తీరమున ఒక రేవులో ఓడ యెక్కి, కరీబియన్ సముద్రములోని రెండు మూడు చోట్ల ఆగి, ఎక్కిన రేవులోనే మరల దిగు ఈ విహారమునకు పోయిన శీతకాలమున మా అమ్మాయియు అల్లుడును మా దంపతులను ఎంతయో ప్రేమతో, ఆ ప్రేమకు తగిన ఖర్చుతో, తీసికొని వెళ్ళిరి. ఆ ఓడ పేరును, కంపెనీ పేరును ఇచట చెప్పను. చెప్పవలసినంత అపరాధము వారేమియు చేయలేదు. తుపాను రాలేదు, రోగము ప్రబలలేదు, భోజనమునకు కొరత లేకపోగా అతిశయమే ఇబ్బంది పెట్టినది, పలుకరించిన ప్రతి పరిచారకుడును చిరునవ్వుతో బదులు పలికెను. ఇన్ని అనుకూలముల నడుమ నా మనస్సున ఒక అసంతృప్తి మొదటినాడే మొలకెత్తి, దిగు నాటికి వృక్షమైనది. దానికి హేతువును తరచి చూడగా తేలినదేమనగా, సముద్రయానము పేర డబ్బు చెల్లించిన మాకు, తక్కిన సమస్తమును దొరికినది గాని, సముద్రము మాత్రము దొరకలేదు. అది దొరకకపోవుట యాదృచ్ఛికము కాదనియు, ఈ మహానౌకల నిర్మాణములోనే, వాటి వ్యాపారసూత్రములోనే ఆ లోపము ఉద్దేశపూర్వకముగా పొదిగియున్నదనియు నా అభిప్రాయము.

ఈ నౌకల పరిమాణము కంటితో చూచినవారికిని వెంటనే నమ్మశక్యము కాదు. 2024 జనవరిలో మయామీనుండి తొలి యాత్రకు బయలుదేరిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అను నౌక ఫిన్లాండులోని తుర్కు నౌకానిర్మాణశాలలో తయారైనది. పొడవు 365 మీటర్లు, అంతస్తులు 20. కిక్కిరియ నెక్కించినచో 7,600 మంది ప్రయాణికులను, వారి పరిచర్యకు 2,350 మంది సిబ్బందిని అది మోయగలదు. 1912లో మునిగిన టైటానిక్ తన కాలమున ప్రపంచములోకెల్ల పెద్ద ఓడ గదా. దాని స్థూల టన్నేజీ 46,328 కాగా, ఈ నూతన నౌకది 2,48,663. అనగా అయిదు రెట్లకు పైమాట. మేమెక్కినది దీనికన్న కొంత చిన్నదే. అయినను మా గదినుండి భోజనశాలకు పోవు నడవ ఎంత దీర్ఘమైనదనగా, మోకాళ్ళ నొప్పిగల మా ఇంటావిడ నడుమ ఎక్కడనైన కూర్చుండి సేదదీరనిదే చేరలేకపోయెడిది. లిఫ్టుల యెదుట ఎల్లవేళల తిరునాళ్ళే. గోడలకు కిటికీలు లేవు. కాళ్ళక్రింద నేల కదలదు. ఓడ కడుపుక్రింద నీటిలోనికి రెక్కలు చాపి ఊపును అణచు యంత్రములున్నవట. మూడవనాటి మధ్యాహ్నమున కాబోలు, గాజుబుడ్ల దుకాణమునకును గడియారముల దుకాణమునకును నడుమ నిలిచి, మా ఆవిడ నన్ను అడిగినది: "ఏమండీ, ఇంతకీ మనం సముద్రం మీదే ఉన్నామా?"

ఆ ప్రశ్నలో హాస్యమెంత యున్నదో సత్యమును అంతే యున్నది. నౌకాగర్భమున, అంతస్తుల నడుమ, ఇరుప్రక్కల దుకాణములు బారులు తీరిన ఒక వీధి కలదు. అచట అత్తరులు, ఆభరణములు, మద్యశాలలు, బొమ్మల వేలములు. ఒక ప్రక్క జూదశాల. దానిలోని యంత్రముల గణగణ. ఈ వీధిగుండ నడువక భోజనమునకు గాని నాటకశాలకు గాని పోవుట అసాధ్యముగా దారులు పన్నబడియున్నవి. 2009లో వచ్చిన ఒయాసిస్ ఆఫ్ ది సీస్ అను నౌకతో ఈ శిల్పము మరియొక మెట్టు పైకెక్కినది. ఓడను నడిమికి చీల్చి, ఆ చీలికలో నిజమైన మట్టి పోసి, వేలకొలది మొక్కలు నాటి, ఆకాశము కనబడు ఒక ఉద్యానవనమును నిర్మించి, దానికి ఇరువైపుల గదులకు వరండాలు పెట్టిరి. సముద్రము వైపు కాదు, లోపలి తోట వైపు. అనగా ఒకడు కొన్నివేల రూపాయలు అదనముగా చెల్లించి, మహాసముద్ర మధ్యమున వరండాలో కుర్చీ వేసికొని కూర్చుండి, ఎదుటి వరండాలో కూర్చున్న మరియొకనిని చూచుచుండవచ్చును!

కిటికీలేని లోపలి గదుల కథ ఇంతకన్న విచిత్రము. 2011లో యాత్రలు మొదలిడిన డిస్నీ డ్రీమ్ అను నౌకలో ఇట్టి గదుల గోడలకు గుండ్రని తెరలు బిగించిరి. ఓడ వెలుపల అమర్చిన కెమెరాలనుండి సముద్రదృశ్యము ఆ తెరల మీద ప్రసారమగుచుండును. పిల్లలకు విసుగు కలుగకుండుటకై అప్పుడప్పుడు బొమ్మల సినిమాలలోని పాత్రలు ఆ తెర మీదుగా పోవుచుండును. తరువాతి కాలమున ఇతర కంపెనీలవారు గోడ నిండ తెర బిగించి, దానికి వరండా అనియే పేరు పెట్టి, దానికి వేరుగ ధర కట్టిరి. గోడకు ఆవల కొన్ని గజముల దూరమున అసలు సముద్రమున్నది. ఈవల దాని చలనచిత్రమున్నది. చలనచిత్రమునకు ధర యున్నది. మాయావాదమును ఖండించుటకు మధ్వాచార్యులవారు ఎంత శ్రమపడిరో నేనెరుగను గాని, ఆ గదిలో ఒక రాత్రి గడిపియుండినచో వారికి పూర్వపక్షము మిక్కిలి సులభముగా దొరికియుండెడిది.

ఏల ఇట్లు? నౌకాస్వాములకు సముద్రము మీద ద్వేషమేమియు లేదు. వారికి దానితో పని లేదు. కటకటాలకు ఆనుకొని నీటిని చూచుచు నిలిచినవాడు గంటసేపు నిలిచినను ఒక కాసు ఖర్చు చేయడు. అదే వ్యక్తి లోపలి వీధిలో గంటసేపు తిరిగినచో ఒక పానీయమో, ఒక ఛాయాచిత్రమో, ఒక గొలుసో కొనును; జూదశాలలో అడుగు పెట్టినచో చెప్పనక్కరలేదు. టిక్కెట్టు ధర క్రిందికి దిగినకొలది, లాభమును ఓడలోపలి ఖర్చు నుండి పిండవలసి వచ్చును. పిండవలెనన్న మనిషి లోపలికి తిరిగి యుండవలెను. ఓడ పెద్దదైనకొలది దాని లోపలి ఘనము పెరుగునంతగా వెలుపలి అంచు పెరుగదు, ఇది గణితము. పదివేల మంది నెక్కించిన ఓడలో పదివేల మందికి కటకటాలు చాలవు. కావున లోపల పండుగ చేయక తప్పదు. ఉదయము ఏడు గంటలకు మొదలు రాత్రి రెండు గంటలవరకు ఏదో ఒక పోటీ, ఏదో ఒక నృత్యము, ఏదో ఒక ప్రకటన. చేతిలోని ఫోను కొంతసేపటికొకసారి ఒక వినోదమును గుర్తుచేసి, అందు పాల్గొననివాడు ఏదో పోగొట్టుకొనుచున్నాడను భయమును కలిగించును. విశ్రాంతికై వచ్చినవారు కార్యక్రమపట్టికను చూచుకొని పరుగులిడుటను చూచి నాకు మా కాలపు పరీక్షాదినములు జ్ఞప్తికి వచ్చినవి.

సముద్రమునకు ఈ వ్యాపారము గుర్తించిన ప్రయోజనములు నాకు తెలిసినంతవరకు రెండు. మొదటిది, ఒడ్డు చట్టము అచట ఆగిపోవుట. ఓడ రేవులో నున్నంతసేపు మూసియుండిన జూదశాల, తీరరేఖకు తగినంత దూరము పోగానే తలుపులు తెరచుకొనును. సుంకములేని దుకాణములు దీపములు వెలిగించుకొనును. ఓడ మీద ఎగురు జెండా బహామాస్‌దో, పనామాదో, మాల్టాదో. కంపెనీ కార్యాలయము మయామీలో, దాని పుట్టుపత్రము మాత్రము రాయల్ కరీబియన్‌వారికివలె ఆఫ్రికాఖండములోని లైబీరియాలో. రెండవ ప్రయోజనము అంతకన్న పురాతనమైనది: పారబోయుటకు చోటు. శుద్ధిచేయని మురుగును గూడ తీరమునకు 12 నాటికల్ మైళ్ళు దాటిన తరువాత, ఓడ నడుచుచుండగా, సముద్రములోనికి వదలవచ్చునని అంతర్జాతీయ నియమములే అనుమతించుచున్నవి. పెక్కు నూతననౌకలలో శుద్ధియంత్రములున్నమాట నిజమే. నియమములు అనుమతించిన దానితోనైనను అందరును తృప్తిపడలేదు. నూనె కలిసిన వ్యర్థజలమును రహస్యపు గొట్టముద్వారా సముద్రములోనికి వదలి, దానిని కప్పిపుచ్చిన నేరమును 2016లో ప్రిన్సెస్ క్రూయిజ్ లైన్స్‌వారు అమెరికా న్యాయస్థానమున ఒప్పుకొని, నాలుగుకోట్ల డాలర్ల దండుగ చెల్లించుటకు సమ్మతించిరి.

ఇది నేటి వక్రత మాత్రమే యని తలంపరాదు. విహారనౌక పుట్టుకలోనే దీని బీజమున్నది. 1891లో జర్మనీలో హాంబర్గు-అమెరికా నౌకా సంస్థలో ప్రయాణికుల విభాగమును నడిపించుచుండిన ఆల్బర్ట్ బాలిన్ అను మేధావి, శీతకాలమున అట్లాంటిక్ దాటువారు లేక తన ఓడలు రేవులో పడియుండి నష్టము తెచ్చుచుండగా, ఆగస్టా విక్టోరియా అను మేలైన నౌకను మధ్యధరాసముద్రమునకు వినోదయాత్రగా పంపెను, 241 మంది ఎక్కిరి, తోటివారు నవ్విరి, యాత్ర ఫలించినది. ఎచటికో పోవలసిన మనుష్యులకై ఓడ ఏర్పడుట లోకధర్మము. ఊరక నున్న ఓడకై మనుష్యులకు ప్రయాణమును కల్పించుట బాలిన్ చేసిన నూతనసృష్టి. 1958లో జెట్ విమానములు అట్లాంటిక్ మీదుగా తిరుగ మొదలిడిన తరువాత ఓడలన్నిటికిని ఏడాది పొడుగున శీతకాలమే వచ్చినది. ఫ్రాన్సువారు తమ జాతికంతకును గర్వకారణముగా కట్టుకొని, 1962లో న్యూయార్కు మార్గమున నడుప నారంభించిన ఫ్రాన్స్ అను దివ్యనౌక పన్నెండేండ్లకే రేవున కట్టివేయబడి, తుదకు 1979లో ఒక నార్వే సంస్థకు అమ్ముడుపోయి, నార్వే యను పేరుతో కరీబియన్ విహారములకు దిగినది. కొన్నవారు మొదట చేసిన పని, దానికున్న నాలుగు ప్రొపెల్లరు చక్రములలో రెండింటిని ఊడదీసి, ఇంజనుగదులలో ఒకదానిని మూసివేయుట. వేగముగా పోవలసిన గమ్యమేదియు ఇక లేదు గనుక! దాని కడపటి యాత్ర మన దేశమునకే. 2006లో గుజరాతులోని అలంగు తీరమునకు చేర్చబడి, పర్యావరణవాదులు సుప్రీంకోర్టువరకు పోయి వాదించినను, ముక్కలు ముక్కలుగ ఇనుపతుక్కయినది. నౌకలకు గూడ ఇట్టి జాతకములుండునా యని నాకు దాని కథ చదివినప్పుడెల్ల దుఃఖము కలుగును.

రాత్రి విషయము వేరుగ చెప్పవలెను. నడిసముద్రమున నక్షత్రములను చూడవలెనను కోరిక నాకు చిరకాలముగా నున్నది. ఈ ప్రయాణమునకు నేను నోరెత్తక ఒప్పుకొనుటకు ముఖ్యకారణమదియే. మా మార్గములోని జమైకా ద్వీపమును మన విశాఖపట్టణమును ఇంచుమించుగ ఒకే అక్షాంశము మీద, భూమధ్యరేఖకు పద్దెనిమిది డిగ్రీల ప్రాంతమున నున్నవి. ధ్రువనక్షత్రము ఏ చోట దిగంతమునకు ఎన్ని డిగ్రీల ఎత్తున కనబడునో, ఆ చోటు యొక్క అక్షాంశము నించుమించుగ అంతయే గదా. కావున భీమిలి ఒడ్డున నా బాల్యమున మా నాయనగారు వ్రేలితో చూపిన ఎత్తునందే, భూగోళమునకు ఆవలి ప్రక్కను గూడ ధ్రువుడు నిలిచియుండవలెను. పైడెక్కు మీదికి పోయి చూచితిని. అచట పెండ్లిపందిరిలోవలె దీపములు. నీలము, గులాబి, ఆకుపచ్చ రంగుల దీపములు. ఒక బ్రహ్మాండమైన తెర మీద సినిమా. ఈతకొలనుల అడుగున గూడ దీపములు. ఆకాశమున చంద్రుడును, చంద్రుని ప్రక్క ఏదో ఒక గ్రహమును తప్ప వేరేమియు లేదు. కనుచూపుమేరలో ఒక్క వీధిదీపమైన లేని ఆ నీలాంబుధి మధ్యమున, కూకట్‌పల్లి మేడ మీద కనిపించినన్ని చుక్కలు కూడ నాకు కనిపించలేదు.

చివరకు ఐదవ అంతస్తున, రక్షణపడవలు వ్రేలాడు చోటికి దిగువన, చెక్కబల్లలు పరచిన ఒక ఇరుకు దారి కలదని కనుగొంటిని. ఉదయము పరుగెత్తువారు తప్ప అచటికి ఎవరును రారు, దుకాణములు లేవు, సంగీతము లేదు. అచట నీటి చప్పుడు వినబడును. తడి ఉప్పు పెదవులకు తగులును. ఎగురుచేపలు వెండితునకలై లేచి పడుట అచటనే చూచితిని. అచటనే ఒకనాటి వేకువ, కటకటాలు తుడుచుచున్న ఒక యువకుడు, నేను మా ఆవిడతో మాటలాడుట విని, "తెలుగువాళ్ళాండీ మీరు?" అని దగ్గరకు వచ్చెను. శ్రీకాకుళము జిల్లా, బారువ ప్రక్క పల్లెయట; విశాఖలో హోటలు పనుల చదువు చదివి, బొంబాయిలో ఏజెంటు ద్వారా ఇచటికి వచ్చెనట. "సముద్రం ఒడ్డున పుట్టావు, సముద్రం మీదే పని దొరికింది. రోజూ చూస్తుంటావు కాబోలు బాబూ" అంటిని. అతడు నవ్వి, "ఎక్కడ బాబుగారూ! మా గదులు నీటికి కిందండి, కిటికీలుండవు. పైకొస్తే పనండి. మా ఊళ్ళో గట్టు మీద కూసుంటే కనిపించినంత కూడా కనిపించదండి" అనెను. తొమ్మిదినెలల ఒప్పందము, ఆ తొమ్మిదినెలలలో పూర్తిసెలవు దినమన్నది లేదు. సిబ్బందికి వారమునకు 77 గంటల విశ్రాంతి తప్పక ఇయ్యవలెనని 2006 నాటి నావికకార్మికుల అంతర్జాతీయ ఒడంబడిక శాసించుచున్నది. వారమునకు గంటలు 168 గనుక, దానిని అక్షరాల పాటించు యజమాని వారిచేత ఎంతసేపు పని చేయించుకొనవచ్చునో పాఠకులే లెక్కించుకొనవచ్చును. మా బిల్లులో రోజుకు తలకింతయని బక్షీసు తనంతట తానే పడుచుండెను. ఈ దినములలో పెక్కు ఓడల మీద అది పదహారు మొదలు ఇరువది డాలర్ల వరకు నుండును. జీతములో భాగమై యజమాని ఇయ్యవలసినదానిని మన దయగా మార్చి మనచేత ఇప్పించుటలోని నేర్పునకు నేను నిజముగా విస్మితుడనైతిని.

ఇక దీవులు. కంపెనీలవారికి సొంత దీవులున్నవి. బహామాస్ ద్వీపసముదాయములో లిటిల్ స్టిరప్ కే యను చిన్నదీవిని రాయల్ కరీబియన్‌వారు కోకోకే యను పేరుతో నీటిజారుబండల వినోదవనముగా 2019లో క్రొత్తగా అలంకరించిరి. హైతీదేశపు ఉత్తరతీరమున లాబడీ యను అగ్రమును 1986నుండి గుత్తకు పట్టిరి. ఇట్టి చోట్ల దిగినవాడు ఆ దేశమున దిగినట్లే లెక్క గాని, ఆ దేశప్రజల ఇల్లొక్కటియు, వారి వంటయొక్కటియు, వారి తగవొక్కటియు అతని కంట పడదు. వీటికన్న జమైకాలోని ఫాల్మౌత్ నన్ను ఎక్కువ బాధించినది. 1769లో వెలసిన ఆ పట్టణము ఒకప్పుడు చక్కెరకును, చక్కెర తోటలకై ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలకును పేరుమోసిన రేవు. బానిసత్వమును రూపుమాపుటకై పోరాడిన విలియం నిబ్ అను మతబోధకుని ప్రార్థనామందిరము అచటనే యున్నది. బానిసలు విముక్తులైన పిదప, వారి చోట పనిచేయుటకు 1845లో మన దేశమునుండి మొదటి కూలీల ఓడ జమైకాకు వచ్చినది. భారతీయుడైనవాడు ఆ నేల మీద కొంతసేపు నెమ్మదిగా నడువదగును. కాని ఓడ దిగినవానికి ముందుగా తగులునది గోడకట్టిన ప్రాకారము. దానిలో మరల అవే గడియారములు, అవే వజ్రములు, అవే మద్యములు. ప్రాకారము దాటి ఊరిలోనికి పోయిన మాకు, మరల ఎక్కవలసిన వేళను చూచుకొనుటతోనే సరిపోయినది. వేలమంది మాత్రము ప్రాకారములోనే తిరిగి, టోపీలు కొనుక్కొని, ఓడకు మరలిరి.

ఇంత చదివిన తరువాత, ముసలివానికి ఏది చూపినను తప్పే కనబడునని మా అల్లునివలె కొందరు అనుకొందురు. వారి పక్షమున చెప్పదగినది చాల కలదు. చక్రములకుర్చీలోని వృద్ధులు ఏ ఒక్క మెట్టు ఎక్కనక్కరలేకయే ఆ ఓడనంతటిని తిరుగుట నేను చూచితిని. విమానములందును, రైళ్ళలోను, మన దేవాలయములలోను వారికి లభింపని గౌరవమది. మా మనుమలకు జారుబండల నుండి దిగిరావలెనన్న తలంపే కలుగలేదు. పిల్లలను, ముసలివారిని ఒక్కచోట చేర్చి, వంటపని లేకుండ, కారు నడపకుండ, నాలుగుపూటలు నలుగురును ఒకే బల్ల వద్ద భుజించు భాగ్యము అమెరికాలోని సంసారులకు ఎంత అరుదో నేను కన్నులార చూచియే యున్నాను. దానికై ఓడ ఎక్కినవారిని నేను తప్పుపట్టను. దానికి సముద్రమెందులకు అని మాత్రము అడుగుదును. ఎడారిలో కట్టినను ఆ సౌధము అంతే హాయిగా నుండునే! నిక్కముగా లాస్ వేగాస్‌లో అట్లే కట్టిరి.

మన తెలుగువారికిని సముద్రమునకును గల సంబంధము విహారసంబంధము కాదు. శాలివాహనశకము 1166, అనగా క్రీ. శ. 1244 ప్రాంతమున, కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనములో, తుపాను వాతబడి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులవలె తాము దోచుకొనమనియు, ప్రాణములకు తెగించి సముద్రము మీద తిరుగు వర్తకులనుండి న్యాయమైన సుంకమును మాత్రమే గైకొందుమనియు మాట యిచ్చెను. ఆ వర్తకుల సంగతి యటుండనిండు. నిన్న మొన్నటివరకు కోరంగి, కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నము రేవులనుండి రంగము (రంగూను) పోయినవారు వేలకు వేలు. రెండవ ప్రపంచయుద్ధమువరకు బంగాళాఖాతమును దాటిన మన కూలీలు, చాకళ్ళు, చిన్న గుమాస్తాలు స్టీమరు పైతట్టున, ఎండకును వానకును నెత్తిన గుడ్డ కప్పుకొని, సద్దిమూట విప్పుకొని పోయినవారు. ఆ ప్రయాణమును సుఖమని ఎవడైన అన్నచో వాడు అబద్ధమాడుచున్నాడు; వాంతులు, దప్పి, మేస్త్రీల తిట్లు, మరల ఇంటి ముఖము చూతుమో చూడమో అను దిగులు. మా ఊరిలో అట్లు పోయివచ్చిన ఒక పెద్ద, కన్నులు కానరాని వయస్సున గూడ, నీటి రంగు ఏ దినమున ఎక్కడ మారునో, ఒడ్డు ఇక దగ్గరపడినదనుటకు ముందుగా ఏ పిట్ట కనబడునో చెప్పుచుండెడివాడు. మా ఓడ దిగినవారిలో, ఓడలోని భోజనశాలలెన్నియో చెప్పగలవారే గాని, నీటి రంగు చెప్పగలవాడు ఒక్కడైన నుండునా?

ఈ ప్రసంగము మనకిప్పుడెందుకనగా, ఓడలు మన గుమ్మమునకును వచ్చుచున్నవి. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థవారి ఎంప్రెస్ నౌక విశాఖనుండి పుదుచ్చేరికిని చెన్నైకిని విహారయాత్రలు మొదలుపెట్టినది; జూదముండునను ఆక్షేపణతో పుదుచ్చేరి పాలకులు ఆనాడు దానిని తమ తీరమున దిగనీయలేదు. 2023 సెప్టెంబరులో విశాఖ రేవున సుమారు 96 కోట్ల రూపాయల వ్యయముతో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను ప్రారంభించిరి. ఇప్పటికి వచ్చునవి చిన్న ఓడలే. చిన్న ఓడలు రానిండు, మంచిదే. కాని పెద్ద ఓడలకు ఆహ్వానము పంపుటకు ముందు, వాటి రుచి చూచినవారిని అడిగి తెలిసికొనుట మన పాలకులకు అవమానము కాదు. 2019లో ఒక మహానౌక అదుపు తప్పి గట్టును, ఒక చిన్న విహారపు పడవను గుద్దిన పిమ్మట, వెనిస్ నగరములోని జుదెక్కా కాలువలోనికి 25,000 టన్నులు మించిన ఓడలు రాకుండ 2021 ఆగస్టు మొదలు ఇటలీ ప్రభుత్వము నిషేధించినది. అలాస్కాలోని జూనో పట్టణమువారు దినమునకు అయిదు పెద్ద ఓడలకు మించి రానీయకుండ కంపెనీలతో ఒప్పందము చేసికొని, 2024 నుండి అమలుపరచుచున్నారు.

కావున టెర్మినల్‌లోనికి ఎంతమంది రాగలరనుటతోబాటు, వచ్చినవారు ఎన్ని గంటలు ఊరిలో నుందురనియు రేవు అధికారులు ఓడ కంపెనీలను అడుగవలెను. ఉదయము వచ్చి సాయంత్రము పోవు ఓడవానికి తొట్లకొండ మీద బౌద్ధుల విహారములు గాని, భీమిలిలో డచ్చివారి సమాధులు గాని చూచు తీరిక ఎచటనుండి వచ్చును? వచ్చినవాడు బస్సులో కైలాసగిరి ఎక్కి దిగి, ఓడలోని భోజనమునకే తిరిగి పోయినచో, పూర్ణా మార్కెట్టులోని వర్తకునికిగాని, జాలరిపేటలోని కుటుంబమునకుగాని మిగులునదేమి? ఒక రాత్రియైనను రేవున నిలుచునను నిబంధన పెట్టినచో కొందరు రాకపోవచ్చును, పోనిండు. ఓడ మురుగు ఎచట దింపుకొనవలెనో, దింపుకొన్న లెక్కను ఎవరికి చూపవలెనో ముందుగానే వ్రాసికొనవలెను. చేపల వేట మీద బ్రతుకు తీరమిది. వీటితోబాటు, విశాఖనుండి కళింగపట్నము వరకును, కాకినాడనుండి కోరంగి మడ అడవుల వరకును, వందమంది పట్టు చిన్న స్టీమర్లను, తెరచిన డెక్కుతోను, రాత్రివేళ ఆర్పగల దీపములతోను, నడుపుటకు ముందుకు వచ్చువారికి ఆ టెర్మినల్‌లో ఒక మూల చోటిచ్చినచో, మొదటి టిక్కెట్లు మా ఇద్దరికిని కొనుటకు నేను సిద్ధముగా నున్నాను. మా ఆవిడ ఇంకను ఒప్పుకొనలేదు.